అర మెట్టు

శిబిరం మొదలైన రోజే పెద్ద టీచరు వంటాయనతో తగువు పెట్టుకుంది. అదీ కూరలో ఉప్పు గురించి కాదు, మంచినీళ్ళ గురించీ కాదు. భోజనాల గది బయట గంటలా కొట్టడానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క గురించి.

"ఆ పట్టా ఎందుకు మార్చావయ్యా?" అంది.

వంటాయన చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నేనెందుకు మారుస్తానమ్మా? అదేమన్నా మంచం మీద దుప్పటా, ఏడాదికోసారి మార్చడానికి?"

"మార్చారు. పోయినేడు మోగిన శ్రుతి కాదిది. అర మెట్టు పైకి మోగుతోంది. నా చెవికా అబద్ధం చెప్పేది?"

"ఇనుమమ్మా తల్లీ అది! ఇనుము మెట్లెక్కుతుందా?" అని ఆయన లోపలికి పోయి, ఆ కోపమంతా ఉల్లిపాయల మీద చూపించాడు.

పక్కనున్న చిన్న టీచరు నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. పెద్ద టీచరు ఆవిడకి సొంత అక్క. అక్క చెవి మామూలు చెవి కాదు. తలుపు కిర్రుమన్నా, గ్లాసు జారిపడ్డా, పక్కింటాయన తుమ్మినా, అది ఏ స్వరమో టక్కున చెప్పేస్తుంది. తప్పు పోవడమంటూ లేదు. ఈ పట్టా సంగతే చూడండి. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది, భోజనానికి కొట్టిన ఆ మోత విని ఎగిరి గంతేసింది. తను కట్టిన ముగింపు పాట సరిగ్గా అదే స్వరంతో మొదలవుతుందట. ఆ ముచ్చటలో సంచిలోంచి గోళ్ళరంగు తీసి పట్టా వెనక ఎర్ర బొట్టు కూడా పెట్టింది. అంత మురిపెం.

ప్రతి ఎండాకాలం సెలవుల్లో ఈ అక్కాచెల్లెళ్ళిద్దరూ పిల్లలకి ఒట్టి గొంతులతో పాడడం నేర్పుతారు. వాయిద్యం ఏదీ ఉండదు. పై గొంతులు, మధ్య గొంతులు, కింది గొంతులు వేరువేరు వరసలు పాడుతుంటే అవన్నీ కలిసి ఒక్క పాటవుతుంది. వచ్చిన రోజే పిల్లల ఫోన్లతో సహా స్వరం పలికే వస్తువులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేస్తారు. మొదటి స్వరం పెద్ద టీచరు గొంతులోంచి రావాలి. ఆవిడ కళ్ళు మూసుకుని "ఊఁ" అంటుంది, పిల్లలు అందుకుంటారు. అంతే. "నా చెవే నా శ్రుతిపెట్టె" అని ఆవిడ ధీమా.

ఈ ఏడు, శిబిరం చివరి రోజు పిల్లల ఇళ్ళవాళ్ళ ముందు పాడే ముగింపు పాట దగ్గర బండి ఆగిపోయింది. చివర్లో కింది గొంతుల వాళ్ళు ఒక్కో మెట్టే దిగుతూ అట్టడుగు స్వరం మీద ఆగాలి. పిల్లలు అక్కడికొచ్చేసరికి గొంతుల్లో గాలి తప్ప ఏమీ మిగల్లేదు.

"మళ్ళీ," అంది పెద్ద టీచరు.

మళ్ళీ గాలే.

కింది గొంతులకి పెద్ద దిక్కు ఒకమ్మాయి. పేరేదైనా, అందరూ 'బొంగురు' అనే పిలుస్తారు. ఆ పేరు ఆ పిల్లే పెట్టుకుంది, ఇంకెవరో పెట్టకముందే. పోయినేడు ఆ అట్టడుగు స్వరాన్ని గోడకి మేకు కొట్టినట్టు నిలబెట్టింది ఈ పిల్లే.

బొంగురు చెయ్యెత్తింది. "శ్రుతి బాగా కిందకుంది మేడమ్. పోయినేడు ఇంత లోతు లేదు."

హాల్లో తలలన్నీ ఆ పిల్ల వైపు తిరిగాయి.

"ఆడలేక మద్దెల ఓడందిట నీలాంటిదే!" అంది పెద్ద టీచరు. "ఏడాదంతా సాధన మానేసి, ఇప్పుడు నా శ్రుతికి వంక పెడతావా? కూర్చో."

 ఆ పిల్ల మాట చిన్న టీచరు చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఆవిడ సంచి అడుగున, అక్క చూస్తే వెక్కిరిస్తుందని చేతిగుడ్డలో చుట్టి దాచిన చిన్న శ్రుతి పీక ఒకటుంది. ఊదితే కచ్చితమైన స్వరం పలుకుతుంది. బట్టలుతికే గదిలోకి పోయి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు మాటున ఊదింది. అక్క ఇచ్చిన స్వరం తన గొంతులో ఇంకా ఉంది. రెండూ కలవలేదు. అక్కది అర మెట్టు కిందకుంది.

పీకే పాడైపోయుంటుందిలే అనుకుంది. అలా అనుకోవడమే సుఖంగా ఉంది. తర్వాత బీరువా తెరిచి ఫోన్ తెచ్చి, అక్కడే దాంతోనూ చూసింది. పీక మంచిదే.

చెవి డాక్టరుగా పనిచేసే స్నేహితురాలికి ఫోన్ చేసింది. "మీ అక్కలాంటి చెవి ఉన్నవాళ్ళకి వయసు మీద పడితే అలా జరుగుతుందే," అంది ఆవిడ. "వినికిడి తగ్గదు. స్వరాలన్నీ కాస్త పైకి జరిగినట్టు వినిపిస్తాయి. దానికి మందు లేదు."

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అక్క రేడియో కట్టిపారేసి ఆరు నెలలు దాటింది. "ఈ కాలం వాళ్ళు పాటల్ని గబగబా తిప్పేస్తున్నారే, అన్నీ పైకి పోతున్నాయి," అని విసుక్కునేది. అమ్మ పాడిన పాత టేపు కూడా పాడైపోయిందని అటక మీద పెట్టేసింది. అటక మీద పెట్టిన రోజు అన్నం తినలేదు. చాదస్తం అనుకుని చెల్లెలు నవ్వింది. ఇప్పుడు ఆ కుళాయి దగ్గరే కూలబడి ఏడ్చింది. అమ్మ పోయాక జడ వేస్తూ, చిక్కు తీసిన ప్రతిసారీ ఒక స్వరం పాడించి తనని టీచర్ని చేసిన అక్క ఈవిడ. ఆ అక్కకి వెళ్ళి నీ చెవి తప్పని ఎలా చెప్పడం? మింగలేక కక్కలేక ఊరుకుంది.

ఊరుకుని ఒక దొంగపని చేసింది. అక్క "ఊఁ" అనగానే తనూ పిల్లల మధ్య నిలబడి, వాళ్ళకి మాత్రమే వినబడేలా అర మెట్టు పైన సరైన స్వరం "ఊఁ" అనడం మొదలుపెట్టింది. పిల్లలు దగ్గరగా వినబడినదాన్ని అందుకున్నారు. అట్టడుగు స్వరం బొంగురు గొంతులో గుమ్మంటూ మోగింది.

పెద్ద టీచరు చెవులు మూసుకుంది. "ఆపండి! ఎవరే అది, పాటని పైకి లాగుతున్నది?"

ఆవిడ చూపు బొంగురు మీద ఆగింది.

"నువ్వేనా? నిన్న శ్రుతి లోతుగా ఉందన్నావు. ఇవాళ నీకు వీలైన చోటికి అందర్నీ లాక్కెళ్తున్నావు. రేపు నువ్వు పాడక్కర్లేదు. కుర్చీలు వెయ్యి, పో."

బొంగురు ఏడవలేదు. మెట్ల దగ్గర కూర్చుంటే చిన్న టీచరు వెనకాలే వెళ్ళింది.

"ఇంట్లో నేను నోరు తెరిస్తే, ఎవరే ఆ మగవాడు అంటారు మేడమ్," అంది ఆ పిల్ల. "ఈ గొంతు పనికొచ్చేది ఇక్కడొక్కచోటే. రేపు మా వాళ్ళొస్తున్నారు వినడానికి. కుర్చీలు వేస్తుంటే చూస్తారు, అంతేగా."

ఇక చిన్న టీచరుకి దాక్కోవడానికి చోటు లేదు. ఎవరి పరువు కాపాడుతున్నానని ఎవరి గొంతు నొక్కేశాను అని తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్న అక్క గదిలోకి వెళ్ళి చేతిగుడ్డ విప్పి, శ్రుతి పీక మంచం మీద పెట్టింది.

"అక్కా, లాగింది ఆ పిల్ల కాదు. నేను."

అక్క పీక వంక చూసింది, చెల్లెలి వంక చూసింది. తీసి ఊదింది. "ఇది తప్పు పలుకుతోంది," అంది.

"కాదక్కా."

"చెవి కుట్టించిన దగ్గర్నించీ నీకు శ్రుతి నేర్పినదాన్నే! నాకు చెప్తావా నువ్వు? ఇదీ తప్పే, రేడియో తప్పే, ఆ పట్టా కూడా తప్పే..." అంటూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగింది.

"పట్టా మార్చలేదక్కా," అంది చెల్లెలు. "నేను చూసొచ్చాను. నీ ఎర్ర బొట్టు దాని వెనక అలాగే ఉంది."

పెద్ద టీచరు చెప్పులు కూడా వేసుకోకుండా నడిచింది. భోజనాల గది బయట పట్టా ముక్కని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి తిప్పింది. రంగు పెచ్చులూడింది కానీ బొట్టు బొట్టే. చాలాసేపు దాన్ని వేలితో తడిమింది. తర్వాత ఇనప కడ్డీ తీసి ఒక్కసారి కొట్టింది. మోత ఆగేదాకా విని మళ్ళీ కొట్టింది. మళ్ళీ.

పిల్లలకేం తెలుసు పాపం! వేళ కాని వేళ మోగితే ఏదో ప్రత్యేకం పెడుతున్నారనుకుని, తలా ఒక పళ్ళెం పట్టుకుని పరిగెత్తుకొచ్చి వరసలో నిలబడ్డారు. వంటాయన బయటికొచ్చి బిత్తరపోయాడు.

పెద్ద టీచరు కడ్డీ ఆయన చేతికిచ్చింది. "నీ పట్టా మారలేదయ్యా. ఏమీ అనుకోకు."

వరసలో చివరనున్న బొంగురు దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఆడలేక మద్దెల ఓడన్నది నువ్వు కాదే తల్లీ, నేను. సాయంత్రం నీ చోట నువ్వు నిలబడు." ఆ పిల్ల పళ్ళెం గుండెలకి హత్తుకుని తలూపింది.

సాయంత్రానికి హాలు నిండిపోయింది. ముగింపు పాటకి పిల్లలు వరసల్లో నిలబడి, అలవాటుగా పెద్ద టీచరు వంక చూశారు. ఆవిడ ముందుకొచ్చి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. మళ్ళీ కళ్ళు తెరిచి, పక్కకి జరిగి, చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తన చోట నిలబెట్టింది.

చిన్న టీచరు చేతిగుడ్డలోంచి పీక తీసి అందరి ముందూ ఊదింది. "ఊఁ" అంది.

పిల్లలు అందుకున్నారు. పై గొంతులు ఎక్కడికో పోయి, మధ్య గొంతుల్ని కలుపుకుని, అన్నీ మెట్టు మెట్టూ దిగాయి. చివరికి అట్టడుగు స్వరం మీద బొంగురు గొంతు నిలబడింది. చెక్క నేల సన్నగా అదిరింది. వెనక వరసలో ఆ పిల్ల వాళ్ళమ్మ లేచి నిలబడిపోయింది.

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. అక్క కూడా చేతులు నొప్పెట్టేలా కొడుతోంది, చెంపల మీంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా. సంతోషమే అనుకుని చెల్లెలు దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుంది.

అక్క ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"బాగా పాడారా?"

"అదేంటక్కా? నువ్వు విన్నావుగా."

"విన్నాను. నాకు మొదట్నించి చివరిదాకా తప్పుగానే వినిపించిందే. ఒక్క స్వరం కూడా దాని చోట లేదు." చప్పట్లు కొట్టడం మాత్రం ఆపలేదు. "నువ్వు చెప్పు. బాగా పాడారా?"

"చాలా బాగా పాడారక్కా."

"సరే అయితే," అంది పెద్ద టీచరు. "నువ్వు చెప్తే నమ్ముతాను."