రోవేనా ఒక్కతే పాడిన పాట

మా అన్న ఆర్లిస్ చనిపోయిన వేసవిలోనే, ఊళ్లోని పాత సంగీతశాలలో ఒక ఆదివారం మధ్యాహ్నం సంస్మరణ సభ పెట్టారు. అన్నా, మా వదిన వెర్లీన్ జంటగా పాడిన పాటలు వినని ఇల్లు అమెరికాలోని మా టెన్నెసీ రాష్ట్రంలో లేదు. అన్న పాడే భాగాన్ని ఇప్పుడు కూతురు రోవేనా పాడాలని వదిన పట్టు.

రోవేనాకి ముప్పై దాటాయి. ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని, సొంత బృందంతో బార్లలో తన పాటలు తాను పాడుకుంటోంది. ఎక్కడికెళ్లినా పోస్టరు మీద తన పేరు కంటే "ఆర్లిస్, వెర్లీన్‌ల కూతురు" అన్నదే పెద్ద అక్షరాల్లో ఉండేది.

"నాన్న పాటలన్నీ నీతో పాడతాను. చివర్లో నాది ఒక్కటి," అంది రోవేనా వాళ్లమ్మతో, ఆ ఉదయం నా వంటింట్లో, పెనంలోంచి మొక్కజొన్న రొట్టె విరుచుకుంటూ.

"ఆ గిటార్ మోత పెట్టావంటే మీ నాన్న సమాధిలోంచి లేచొస్తాడే," అన్నాను.

"రానీ అత్తా. మా డ్రమ్ములవాడు మానేశాడు, పనికొస్తాడు."

వదిన నవ్వలేదు. కడిగిన పళ్లేన్నే మళ్లీ కడిగింది.

"జనం వచ్చేది నీ కోసం కాదు తల్లీ," అంది మెత్తగానే.

"తెలుసమ్మా. ఒక్క పాటకైనా నా కోసం కూర్చుంటారేమో చూడాలి. కూర్చోకపోతే ఇంక నా పాటలు ఎక్కడా పాడను."

సభలో తల్లీకూతుళ్లు అన్న పాటలు పాడుతుంటే జనం రుమాళ్లు తీశారు. నేను కళ్లు మూసుకుని అన్ననే విన్నాను. తర్వాత వదిన పక్కకు తప్పుకుంది. రోవేనా గిటార్ మార్చి వైరు తగిలించింది.

"మీ నాన్న పాటే ఇంకోటి అందుకో పిల్లా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. కొందరు నవ్వారు. రోవేనా మొదలుపెట్టింది.

ఆ బాణీ మాకు తెలుసు. నెలరోజులుగా మా ఇంట్లో కూనిరాగం తీస్తూనే ఉంది. మాటలు మాత్రం ఎవరమూ వినలేదు. పాటలో, వాకిట్లో నిలబడ్డ చిన్నపిల్ల. అమ్మానాన్నలు ఊరూరా కచేరీలకు వెళ్లే, వాళ్ల నవ్వు మొహాల బొమ్మలు వేసిన బస్సు కదులుతుంది. పిల్ల ఆ బొమ్మలకే చెయ్యి ఊపుతుంది. ఆ వాకిలి నాది. పిల్ల రెండో చెయ్యి పట్టుకుని నిలబడ్డది నేను.

పల్లవి రాగానే వదిన మైకు దగ్గరికి నడిచి గొంతు కలిపింది. జీవితమంతా ఆమె చేసిన పని అదే. పాట వినిపిస్తే ఆమె గొంతు దానంతటదే వెళ్లి పక్కన చేరుతుంది. హాలంతా ఈలలు, చప్పట్లు. ఇద్దరి గొంతులూ ఎంత బాగా కలిశాయంటే, పాటలోని మాటలు ఇక ఎవరికీ పట్టలేదు.

రోవేనా తీగల మీద అరచెయ్యి ఆనించింది. మోత ఆగిపోయింది.

"అమ్మా, ఇది నేనొక్కదాన్నే పాడాలి. నువ్వు కిందికెళ్లి విను."

"బాగా కుదిరింది కదే!"

"కుదిరింది. అందుకే వద్దంటున్నా."

వదిన మెట్లు దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె జనంలో కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. వెనక వరసల్లో కొందరు లేచి వెళ్లిపోయారు. రోవేనా మళ్లీ మొదటినుంచి అందుకుంది. ఈసారి వదిన మాటలు వింది. పల్లవి దగ్గర ఆమె గొంతు కదిలింది. పెదవులు బిగించుకుని, నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఉంగరం ఒత్తుకుని నాకు నొప్పెట్టింది.

చప్పట్లు పెద్దగా ఏమీ మోగలేదు. కానీ కొట్టినవాళ్లెవరూ మా వదిన వైపు చూడలేదు.

బయట కారు డిక్కీలో రోవేనా గిటార్ సర్దుతోంది.

"రెండో చరణం సాగింది. కుదించు," అంది వదిన.

"నాకూ అనిపించింది. చూస్తాను."

"బస్సు మలుపు తిరిగేదాకా వెనక కిటికీ దగ్గరే నిలబడేదాన్ని. నీకు కనిపించి ఉండదు."

"కనిపించలేదమ్మా."

"పాటలో పెట్టమని చెప్పట్లేదు."

రోవేనా డిక్కీ మూసి, దాని మీద చెయ్యి అలాగే ఉంచింది.

"పెట్టను," అంది.

వదిన తలూపి కారెక్కింది.