కొంగ పాయింటు

కోతలు కొయ్యడంలో నాకు మా ఊళ్ళో మంచి పేరుంది. ఆ విద్యకు యూనివర్సిటీ చదువుల దాకా పిలుపొస్తుందని మాత్రం అనుకోలేదు.

పిలిచినవాడు నా మేనల్లుడు లక్ష్మీకాంత్. ఓ పీజీ సెంటర్లో కామర్స్ లెక్చరర్. అక్కడ పాఠమంటే, అయ్యవారు పాత కాగితాలు చూసి చదవడం, పిల్లలు తలెత్తకుండా రాసుకోవడం, పరీక్షలో అదే దించేయడం. మావాడూ ఏళ్ళ తరబడి అలాగే చదివి చెప్పాడు. రెండువేల మూడులో హైదరాబాదులో లెక్చరర్లకు పాఠం చెప్పడం మీద శిక్షణ పెడితే వెళ్ళొచ్చాడు. అప్పట్నుంచీ మనిషికి స్థిమితం లేదు.

"మామయ్యా, ఇన్నేళ్ళలో నన్నొక్కరూ 'ఎందుకండీ' అని అడగలేదు. ఈ ఏడు నోట్సు చెప్పను. ఒక్కరు ఎదురడిగినా చాలు. అడగలేదో, మళ్ళీ ఆ పాత కాగితాలే. హెడ్డుగారు అంతవరకే ఒప్పుకున్నారు."

జనవరి దాటింది. నోరు విప్పినవాడు లేడు. నోట్సు లేదని సగంమంది బ్రాడీపేట పుస్తకాల కొట్లకి వెళ్ళి గైడ్లు కొనుక్కొచ్చారు. అప్పుడు మావాడికి నేను గుర్తొచ్చాను.

"మిర్చి యార్డులో బేరం ఎలా జరుగుతుందో నువ్వొచ్చి చెప్పు. మధ్యలో మాంచి అబద్ధం ఒకటి వదులు. వాళ్ళే పట్టుకుని అడుగుతారు."

"ఏరా, కోతలకి జీతం కూడా ఇస్తారా?"

"టీ ఇప్పిస్తాలే, పద."

నాకూ నమ్మకంగానే ఉంది. మా టీకొట్టు దగ్గర నేను గొంతు సవరించుకుంటే చాలు, బుల్లయ్య "ఆపు యలమందయ్యా, మా చెవుల్లో పూలు కనపడుతున్నాయా?" అంటాడు. వాడు చదివింది రెండో తరగతి. వీళ్ళు ఎమ్‌కామ్.

వెళ్ళాను. పక్కవాడికి తెలియకుండా కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునే తీరు వివరించాను. చేసి చూపిద్దామని ముందు బెంచీ కుర్రాడి ముందు చెయ్యి చాపితే, "ఉండండి తాతగారూ, రాసుకుంటున్నా" అన్నాడు.

ఇక అబద్ధం వదిలాను.

"మా నాన్న పండించిన మిరపకాయ ఎంత ఘాటంటే, కుప్ప మీదుగా ఎగిరే కొంగ ఒకటి తుమ్మింది. ఆ తుమ్ముకి గాల్లోనే గుడ్డు జారింది. నేలమీద పడేసరికి ఆ ఘాటుకి ఉడికిపోయింది. బేరగాడు దాన్ని ఒలుచుకు తిని, ఉప్పు తక్కువైందని ధర తగ్గించాడు."

నవ్వు లేదు. కలాల చప్పుడు తప్ప మరేమీ లేదు. మావాడు గోడకానుకుని ఒక్కొక్కరి మొహం వంకా చూస్తున్నాడు, తలలన్నీ వంగే ఉన్నాయి. అంతలో అఖిల అనే పిల్ల చెయ్యెత్తింది. మావాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"అడగమ్మా, అడుగు!"

"సార్, కొంగ వేరే పాయింటాండీ, ఘాటు కిందే రాయాలా?"

వేసవిలో పరీక్షలయ్యాయి. మిర్చి మార్కెట్ లక్షణాలు రాయమన్న ప్రశ్నకు క్లాసు క్లాసంతా కొంగని ఎక్కించింది. బయటినుంచి వచ్చి దిద్దినాయన హెడింగులూ కింద గీతలూ చూసి మార్కులు పోసేశాడట.

"కొంగని వదిలేసినవాడు ఒక్కడూ లేడట్రా?" అన్నాను.

"ఉన్నాడు మామయ్యా. పాయింటు తక్కువైందని వాడికి మార్కులు తగ్గాయి."

హెడ్డు వెంకటనారాయణగారు మావాణ్ణి పిలిచి భుజం తట్టారు. "లక్ష్మీకాంత్ గారూ, మీ కొత్త పద్ధతి బ్రహ్మాండమండీ! ఇంత రిజల్టు మనకెప్పుడూ రాలేదు. ఆ పెద్దాయన చెప్పింది టైపు కొట్టించండి, వచ్చే ఏడూ అదే చెప్పేద్దాం."

"అది అబద్ధమండీ."

"అబద్ధమైతే మార్కులెందుకు వేస్తారండీ?"

మరుసటేడు అటువైపు పనుండి వెళ్ళి, సెంటరు వరండాలో ఆగాను. లోపల మావాడు కాగితం చూసి చదువుతున్నాడు. గొంతులో ఎగుడూ లేదు, దిగుడూ లేదు.

"పాయింటు నాలుగు. కొంగ."

నేనిక ఆగలేకపోయాను. కిటికీలోంచి అరిచాను. "ఒరేయ్ పిల్లలూ, అది అబద్ధంరా! నేను చెప్పిందే! కొంగ లేదు, గుడ్డూ లేదు!"

తలలన్నీ ఒక్కసారి లేచాయి. నన్ను చూశాయి, మావాణ్ణి చూశాయి. వెనక బెంచీలోంచి ఓ గొంతు అడిగింది.

"సార్, ఇది కూడా రాసుకోవాలాండీ?"

లక్ష్మీకాంత్ నా వంక చూడలేదు.

"అక్కర్లేదు. కొంగని అండర్‌లైన్ చేసుకోండి."