పదిహేడో నంబరు పలికింది

మా కోల్డ్ స్టోరేజీలో పన్నెండు గదులు. గదికి రెండు చొప్పున ఇరవై నాలుగు సెన్సార్లు బిగించింది నేనే. అగ్గిపెట్టెంత ఉంటాయి, బ్యాటరీ ఉండదు. గది పైకప్పుకున్న పెట్టె వదిలే రేడియో తరంగాల్నే తిని బతుకుతూ, చలి ఎంతుందో దానికే చెబుతాయి. ఆ పెట్టె నుంచి నా కంప్యూటర్‌కి తీగ ఉంది.

పదిహేడో నంబరుది మాత్రం మొద్దునిద్ర. తొమ్మిదో గది చివర, ఇనుప అరల వెనక బిగించాను. అక్కడికి తరంగాలు అందవు. తప్పు నాదే, కానీ ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. కుంభకర్ణుడని పేరు పెట్టి, తెరమీద దాని వరుస కనపడకుండా దాచేశాను.

మా మరిది అక్కడే సరుకు పేర్చే పని చేస్తాడు. బిగించిన రోజు అతని వాకీటాకీ తీసుకుని దానికి ఆనించి మీట నొక్కాను. ఆ కాస్త తరంగాలకే లేచి పలికింది.

"మనింట్లో నాలాగే అన్నమాట వదినా! గిల్లితే గానీ లేవదు," అని నవ్వాడు.

ఈరోజు మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఆకలికి ఆగే మనిషి కాడు. ఫోన్ కలవలేదు. వాకీటాకీలో పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. ఆ గదుల ఇనుప గోడలు దాటి మాట రాదు.

"బయటికెళ్ళుంటాడమ్మా. చిన్నపిల్లాడా ఏంటి?" అన్నాడు సూపర్‌వైజర్.

లోపల సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. ఏ గది తలుపు తెరిచారో అంకెల్ని బట్టి తెలుస్తుందేమోనని తెర వైపు తిరిగాను. అడుగున లెక్క కనపడింది: పలుకుతున్నవి ఇరవై నాలుగు.

రోజూ ఇరవై మూడే.

దాచిన వరుస తెరిచాను. పదిహేడో నంబరు. మైనస్ ఇరవై. మైనస్ పన్నెండు. మైనస్ మూడు. ఆరు. గదిలో చలి అలా తగ్గదు. ఎవరో దాన్ని గుప్పిట్లో పట్టుకున్నారు. తర్వాతి అంకెలు చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాలుగు. ఒకటి. మైనస్ నాలుగు. ఆ చెయ్యి చల్లబడుతోంది.

తొమ్మిదో గది అని అరుస్తూ సూపర్‌వైజర్ చొక్కా పట్టుకుని లాక్కెళ్ళాను.

చివరి మూలన పెట్టెల దొంతర కూలి అతని కాళ్ళ మీద పడుంది. కనురెప్పల మీద మంచు. గోడ నుంచి పీకిన సెన్సార్ గుప్పిట్లో ఉంది, దానికి ఆనించి వాకీటాకీ. పోయాడనే అనుకున్నాను. బయటికి లాగి, దుప్పట్లు కప్పి, ఏడుస్తూ అరచేతులు రుద్దుతుంటే కళ్ళు తెరిచాడు.

"లేచాడా... కుంభకర్ణుడు?"

"లేచాడు నాయనా, లేచాడు."

"మొదటిసారి నొక్కగానే వచ్చేశారు కదా వదినా? నాకే... చాలాసేపనిపించింది."

వరుస తెరిచినప్పుడు మొదటి పలుకు ఎప్పటిదో చూశాను. అప్పటికి ముప్పై ఐదు నిమిషాలైంది. అంతసేపూ నేను అదే తెర ముందు కూర్చుని, భోజనానికి రాలేదని అతన్ని తిట్టుకుంటున్నాను.

"అవును, వెంటనే వచ్చేశాం," అన్నాను.