మరచెంబులో గుడ్డ

"వీడికి ఏదో ముంచుకొస్తోందండీ. నా మనసు కీడు శంకిస్తోంది," అన్నాను బుధవారం సాయంత్రం.

అప్పటికి వాడికేమీ లేదు. మా పాండురంగకు ఎనిమిదో నెల నిండింది. గుమ్మం పట్టుకుని నిలబడి బోసినోటితో నవ్వుతున్నాడు. మావారు పత్రికలోంచి తల ఎత్తలేదు. మా అత్తగారు జానకమ్మగారు మాత్రం, "మొన్న ఎక్కిళ్ళొస్తే క్షయ అన్నావు. దోమ కుడితే మశూచి అన్నావు. ఇవాళేమిటే?" అన్నారు.

గురువారం తెల్లవారగానే మొదలైంది. వాడు ఉన్నట్టుండి కెవ్వుమని, మోకాళ్ళు పొట్టలోకి లాక్కుని, మొహం సున్నంలా పాలిపోయి ఏడ్చాడు. రెండు నిమిషాలు, అంతే. ఆపైన ఏమీ ఎరగనట్టు నా గాజులతో ఆడుకున్నాడు. గోడ గడియారం చూశాను. పావుగంటకు మళ్ళీ అదే. ఇంకో పావుగంటకు మళ్ళీ.

"పళ్ళొస్తున్నాయి. దిష్టి కూడా తగిలుంటుంది," అన్నారు అత్తగారు.

మా గుడివాడ డాక్టరు నాగభూషణరావుగారిని పిలిపించాను. ఆయన గుమ్మం ఎక్కేసరికి నొప్పి పోయింది. వీడు ఆయన మెడలోని గొట్టం పట్టుకుని కిలకిలా నవ్వాడు! నా కడుపున పుట్టి నన్నే అబద్ధాలకోరును చేశాడు.

"బాగానే ఉన్నాడమ్మా. నొప్పి వచ్చినప్పుడు కబురు చెయ్యండి."

"వచ్చినప్పుడే చేశానండీ. మీరు చెప్పులు వేసుకునేలోగా పోతుంది. నొప్పిని కట్టేసి కూర్చోబెట్టమంటారా?"

ఆయన నవ్వి వెళ్ళిపోయారు.

పది గంటలకు తాగిన పాలన్నీ కక్కాడు. తర్వాత కక్కింది ఆకుపసరులా ఉంది. నొప్పికీ నొప్పికీ మధ్య ఇప్పుడు ఆడుకోవడం లేదు, మగతగా పడుకుంటున్నాడు. అంతలో గుడ్డ పాడుచేశాడు. అది మామూలు విరేచనం కాదు. దానిమ్మ గింజలు నలిపి జిగురులో కలిపినట్టుంది. నేను కేకపెట్టి మావారిని పిలిచేలోగా అత్తగారు ఆ గుడ్డను కర్రతో ఎత్తి, నూతి దగ్గర పడేసి, రెండు చేదల నీళ్ళు గుమ్మరించారు. మా ఇంట్లో మైలగుడ్డ క్షణం ఉండకూడదు.

"ఏదీ, రక్తమన్నావు?" అంటూ వచ్చిన మావారికి తెల్లటి తడిగుడ్డ కనిపించింది.

"జిగట విరేచనంరా. చెంచాడు ఆముదం పోస్తే రేపటికి కుదుటపడుతుంది," అన్నారు అత్తగారు.

ఆముదం గిన్నె నా చేతిలోంచి జారిపోయింది. జారనిచ్చాను.

"మధ్యాహ్నం బండికి బందరు వెళ్తున్నాను. వచ్చేవాళ్ళు రండి," అని పిల్లవాణ్ణి ఎత్తుకున్నాను.

మావారు తల్లి మొహం చూశారు. ఆవిడ, "మనవణ్ణి దీని చేతుల్లో వదిలేస్తానా?" అంటూ లేచి, మడినీళ్ళు నింపి తెమ్మని తన మరచెంబు నాకిచ్చారు. ప్రయాణంలో ఆవిడ బయటి నీళ్ళు ముట్టరు.

సరిగ్గా అప్పుడే వాడు ఇంకో గుడ్డ పాడుచేశాడు. అదే ఎరుపు. ఈసారి ఇది డాక్టరు కళ్ళబడాలి. నూతి గట్టు మీద పెడితే పోతుంది, మూట కడితే వాసన పట్టేస్తారు. ఇల్లు మొత్తానికి మూత బిగుసుకునే పాత్ర అదొక్కటే.

రైలు కవుతరం దాటాక అత్తగారికి దాహం వేసింది. మరచెంబు మూత తిప్పారు. లోపలికి చూశారు. మూత మళ్ళీ బిగించారు. పెదన వచ్చింది, చిలకలపూడి వచ్చింది, ఆవిడ పెదవి విప్పలేదు. తిట్టినా బాగుండేది. వీడు నాలుగుసార్లు మెలికలు తిరిగాడు. ప్రతిసారీ మావారు "తగ్గిందా?" అని అడగడమే.

"తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది! పొద్దుట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే కదండీ!" అన్నాను.

బందరు ఆసుపత్రిలో డాక్టరు ధనరాజుగారు ఎప్పటి నుంచి, ఎంతసేపటికోసారి అని అడిగారు. గడియారంతో సహా చెప్పాను.

"విరేచనం ఎలా ఉందో చూశారా?"

మరచెంబు విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన గుడ్డ విప్పి చూసి, చేతులు రుద్దుకుని వెచ్చచేసుకున్నారు. వాడు మగతలో పడ్డాక పొట్ట మీద వేళ్ళు మెల్లగా ఆనించారు. కుడి డొక్క కింద ఆగి, నా వేళ్ళు కూడా అక్కడ పెట్టించారు. చిన్న అరటికాయలా ఏదో తగిలింది.

"పేగు పేగులోకే దూరిందమ్మా, చొక్కా చెయ్యి లోపలికి మడతపడినట్టు. ఈ గుడ్డ చూడకపోతే నేనూ పొరపాటు పడేవాణ్ణేమో. ఇప్పుడే పొట్ట కోసి సవరిస్తే వాడు దక్కుతాడనే నా ఆశ. రేపటిదాకా ఆగితే పేగు కుళ్ళుతుంది. మీ పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి."

మావారు తల్లి వైపు చూశారు. తల్లి సరేననకుండా ఆయన పంచె కూడా కొనుక్కోరు. డాక్టరుగారు కాగితం పట్టుకుని నిలబడ్డారు. అత్తగారు గోడకానుకుని కూర్చున్నారు, రైల్లో మూసిన నోరు మూసినట్టే. వాడికి మళ్ళీ నొప్పి వచ్చింది. ఈసారి ఏడవడానికి ఓపిక లేదు, మూలిగాడు.

"అత్తయ్యా, చెంబు కోసం నన్ను తర్వాత చంపుదురుగాని, వాడి సంగతి చెప్పండి!"

డాక్టరుగారు గడియారం చూసుకున్నారు. మావారు నేల చూశారు. అత్తగారు లేచి వచ్చి, ముడుచుకున్న వాడి మోకాళ్ళ మీద చెయ్యి వేసి, ఆ మూలుగు ఆగేదాకా అలాగే నిలబడ్డారు.

"కోయండి నాయనా," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఆ చెంబు మాత్రం నాకొద్దే. నువ్వే ఉంచుకో."