ఈత టీచరమ్మకు వేసిన చలి

ఇరవై ఆరేళ్లుగా ఆ తీరంలో పిల్లలకు ఈత నేర్పుతున్న టీచరమ్మకు ఈమధ్య నడివేసవిలో కూడా సముద్రంలో దిగితే పళ్లు టకటకలాడుతున్నాయి.

"వయసు మీద పడింది, ఒప్పేసుకో," అన్నాడు భర్త. నవ్వులాటకే అన్నా ఆమెకు చురుక్కుమంది. పని మానేస్తున్నానని ఉత్తరం రాసేసి, తప్పులుంటే దిద్దమని వాతావరణ కార్యాలయంలో పనిచేసే వదిన దగ్గరికి పట్టుకెళ్లింది.

వదిన ఉత్తరం పక్కన పెట్టి, కంప్యూటర్ తెర ఇటు తిప్పింది.

"చలి నీ ఒంట్లో లేదే పిచ్చిదానా, నీళ్లలోనే ఉంది. తీరం వెంబడి గాలి వీస్తే పైనున్న వెచ్చటి నీళ్లు నడిసముద్రం వైపు జరిగిపోతాయి. వాటి చోటులోకి అడుగునుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. పాతికేళ్లలో వేసవి గాలి ఎంత జోరందుకుందో ఈ గీత చూడు."

గీత ఎగుడుదిగుడుగానే అయినా పైపైకే పోతోంది. టీచరమ్మ మొహం వెలిగిపోయింది.

"అయితే నేను ముసలిదాన్ని కాలేదన్నమాట!"

"అయ్యావులే. ఈ చలికీ దానికీ సంబంధం లేదంటున్నా, అంతే."

ఇద్దరూ పగలబడి నవ్వారు. టీచరమ్మ ఉత్తరం చింపేసి, గాలి రెండ్రోజులు తెరిపి ఇస్తే ఫోన్ చెయ్యమని వదిన దగ్గర మాట తీసుకుంది.

ఆ వేసవంతా గాలి వీచినన్నాళ్లూ పిల్లల్ని ఇసుకలో బోర్లా పడుకోబెట్టి చేతులాడించడం నేర్పింది. ఫోన్ మోగిన రోజున మాత్రం అందరికంటే ముందు తనే కేకపెట్టి నీళ్లలోకి దూకింది.