మూడో ప్రతిబింబం

ట్వీజర్ జారింది. చప్పుడు కాలేదు, ఏదీ పగల్లేదు. అయినా మరదలి గుండె ఝల్లుమంది.

ల్యాబులో అందరూ ఆమెను మరదలనే పిలుస్తారు. వదిన పుణ్యమా అని ఇక్కడ చేరింది కదా, ఆ మాత్రం ఎత్తిపొడుపు తప్పదు. వదిన ఈ ల్యాబుకు పెద్ద తలకాయ. వెంట్రుకలో వెయ్యోవంతు మందం కూడా ఉండని అయస్కాంత ఫిల్ములో, ఒక్కటీ తప్పిపోకుండా కన్నాల వరస తొలిచే పద్ధతి ఆమెదే. దాన్ని చూడటానికే మధ్యాహ్నం పైవాళ్లు వస్తున్నారు. వాళ్లు సరేనంటే ల్యాబు నిలుస్తుంది, లేదంటే మూతపడుతుంది. వాళ్లకు చూపించాల్సిన ఫిల్మునే మరదలు ట్వీజర్ మొనతో గీకింది.

ఆ ఫిల్మునే పెట్టి మిషను వేసింది. ఫిల్ము అంచునున్న సన్నటి బంగారు తీగలోకి ఊగే కరెంటు పంపితే, లోపలి బుల్లి బుల్లి అయస్కాంతాలు ఒకదాన్ని చూసి ఒకటి ఊగుతాయి. ఆ ఊపే స్పిన్ అల. కన్నాలు దాటి వచ్చిన అలలు ఒకదానిలో ఒకటి కలిసి, కొంత దూరంలో ఆ కన్నాల వరసనే తిరిగి బొమ్మ కడతాయి. ఇంకొంత దూరంలో మళ్లీ కడతాయి. ఆ బొమ్మలే ప్రతిబింబాలు; వాటిని లేజరు చుక్కతో చదవాలి. కన్నాల దగ్గరికి లేజరు తెస్తే వేడికి అంచులు చెడతాయని, దూరంగా ఉన్న మూడో ప్రతిబింబాన్ని చూసి ఫిల్మును పాస్ చేయడం వదిన పెట్టిన ఆనవాయితీ. అది నిండుగా ఉంటే కన్నాలన్నీ బాగున్నట్టే లెక్క.

తెర మీద మూడో ప్రతిబింబం వచ్చింది. చుక్కలన్నీ వరసగా ఉన్నాయి.

బతికాననుకుంది మరదలు. బతికిన మనిషి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. మొన తగిలిన గరుకు ఇంకా వేళ్లకు తెలుస్తోంది. లేజరును కన్నాల పక్కకే జరిపింది.

వరస మధ్యలో ఒకచోట చీకటి. ఒక కన్నం పూడిపోయింది.

మళ్లీ వెనక్కి, మూడో ప్రతిబింబానికి వచ్చింది. నిండుగానే ఉంది. పక్క కన్నాల అలలు వచ్చి ఆ ఖాళీని ఏమీ ఎరగనట్టు నింపేశాయి. తను నోరు మూసుకుంటే ఇది ఎవరికీ తెలియదు.

తలుపు తోసుకుని వదిన వచ్చింది. "ఏంటే, మొహం అలా పాలిపోయింది? దెయ్యం గానీ కనబడిందా?"

"ఫిల్ము గీకాను వదినా. ట్వీజర్ జారింది."

వదిన చప్పున తెర వైపు తిరిగింది. చూసి, నిమ్మళంగా నవ్వింది. "హడలగొట్టేశావు కదే. మూడోది నిండుగా ఉందిగా, ఏం కాలేదులే."

తప్పించుకునే దారి మళ్లీ దొరికింది. మరదలు తెర వైపు వేలు చూపించింది. "దగ్గరికెళ్లి చూశాను. ఒకటి పోయింది."

తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. తిట్లు రాలేదు. వదిన మౌసు లాక్కుని చీకటి చోటు చూసింది, ప్రతిబింబం చూసింది, మళ్లీ చీకటి చోటుకే వచ్చింది.

"ఒకటి పోయినా ఇది నిండుగానే వస్తుందా?"

"వస్తోంది వదినా."

"మరి నేను పాస్ చేసినవన్నీ?"

మరదలు బీరువా వైపు చూసింది. అందులోని ఫిల్ములన్నీ మూడో ప్రతిబింబాన్ని నమ్మి పాస్ చేసినవే. వదినకు వచ్చిన పేరంతా వాటితో వచ్చిందే.

"నువ్వు చెప్పకుండా ఉండాల్సింది," అంది వదిన. ఆ గొంతులో కోపం లేదు. భయం ఉంది. వదిన భయపడటం మరదలు ఎప్పుడూ చూడలేదు, అందుకే తన భయం రెట్టింపైంది.

వదిన బీరువా తెరిచి, అన్నిటికన్నా ముందు చేసిన ఫిల్మును తీసింది. "ఇది పెట్టు. దగ్గరగా చూద్దాం."

"వేడికి చెడిపోతుందేమో వదినా."

"చెడనీ."

మరదలి చెయ్యి లేవలేదు. వదినే పెట్టి, లేజరును కన్నాల పక్కకు తెచ్చింది. తెర మీద వరస ఒక్కో చుక్కే తేలడం మొదలైంది. ఒకటి ఉంది. దాని పక్కది ఉంది. ఆ తర్వాత చీకటి.

వరండాలో మాటలు, బూట్ల చప్పుడు. పైవాళ్లు వచ్చేశారు. మరదలు గబుక్కున మిషను ఆపబోయింది. వదిన ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్లు మంచులా ఉన్నాయి.

"ఆపకు," అంది. "వెళ్లి తలుపు తియ్యి."