గంట మోగేదాకా మెత్తన

ఏమోయ్, కిటికీ పక్క సీటు కోసం కొట్లాడేవాడా... నిన్నే.

మంచు పొగ కక్కే మేకుల్ని అరచేతిలో ఎప్పుడైనా పట్టుకున్నావా? నువ్వు పట్టుకున్నది సీటు బెల్టు ఒక్కటే. అదీ పక్కవాడిది.

నువ్వు చూసి మురిసిపోయే ఆ విమానం రెక్క ఉందే — అది రేకులూ, రివెట్లే. రివెట్టంటే గోడకి కొట్టే మేకు కాదు. ఇటు నుంచి గాలి గన్నుతో బాదితే అటు పక్క ఆనించిన దిమ్మకి తల అణిగి, రెండు రేకుల్నీ విడవకుండా పట్టుకునే అల్యూమినియం ముక్క.

కొలిమిలో కాలుస్తారు. కరగడానికి కాస్త ముందు తీసి చన్నీళ్లలో ముంచుతారు.

అప్పుడది మెత్తన.

కాసేపే మెత్తన.

ఊరికే వదిలేస్తే దానంతటదే బిగుసుకుంటుంది — అలిగిన మనిషిలా, ఎవరూ ఏమీ అనకుండానే.

అందుకే ఐసు పెట్టెలో దాస్తాం. చలికి ఆ అలక ఆగుతుంది. గుప్పెడు తీస్తాం. గడియారం పెడతారు, గంట మోగేలోగా బాదాలి. మిగిలినవి మళ్లీ కొలిమికే. బిగుసుకున్నదాన్ని బాదితే పగులుతుంది.

రెక్క బయట, గన్నుతో మా బావ — మా అక్క మొగుడు. రెక్క లోపల, ఇనప దిమ్మ ఆనించి, నేను. ఒకరికొకరం కనపడం. నేను రేకు మీద ఒక దెబ్బ కొడితే — ఇంకొంచెం బాదు. రెండు కొడితే — చాలు.

ఏళ్ల తరబడి ఇదే మా మాట.

మధ్యలో నా జోకులు. రాగినీ అల్యూమినియాన్నీ పక్కపక్కన పెట్టి కాస్త తడి తగిలిస్తే, ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. "అక్కా నువ్వూ అంతేగా బావా" అంటాను. బయట బావ పగలబడి నవ్వుతాడు. షెడ్డు మొత్తంలో నా జోకులకి నవ్వే మనిషి ఆయనొక్కడే.

ఇవాళ గంట మోగింది.

ఎప్పుడైనా సరే, గంట వినగానే దిమ్మ లాగేస్తాను, బావ ఆపేస్తాడు. ఇవాళ లాగలేదు. బావ చేత తిట్టించుకుందామని. "చెవుల్లో సీసం పోసుకున్నావా" అంటాడు, నేనొకటి తగిలిస్తాను... అదీ సరదా.

బావ గన్ను ఆపలేదు.

ఇంకో రివెట్టు పెట్టాడు. బాదాడు.

నా కళ్ల ముందే పగిలింది. తల చుట్టూ సన్నటి గీతలు... ఎండిన బురదలా.

"బావా, గంట మోగింది."

ఇంకోటి పెడుతున్నాడు.

రేకు మీద రెండు దెబ్బలు కొట్టాను. ఆగాడు.

ఇనుముకి తుప్పు పడితే ఎర్రగా అరిచి చెబుతుంది. అల్యూమినియం చెప్పదు. పైన రంగు నున్నగానే ఉంటుంది. కింద — పొరలు పొరలుగా, తెల్లటి పొడిగా, తనలో తానే రాలిపోతుంది. ఏదో ఒకరోజు రంగు చిన్న బొబ్బలా లేస్తుంది... అప్పుడే తెలిసేది.

పాకుతూ బయటికొచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ఎన్నాళ్లనుంచి బావా?"

నా పెదాల వంకే చూశాడు. చెవుల్లో దూది తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. తీసినా పెట్టినా ఒకటే అన్నట్టు.

"చాలా ఏళ్లయింది. మేస్త్రీకి చెప్పకురా. గన్ను లాగేసుకుంటాడు. ఈ వయసులో నాకు ఇంకేం పనొచ్చు?"

"అక్కకి తెలుసా?"

"అది తిట్టేటప్పుడు కళ్లు మూసుకుంటా. నాకున్న సుఖం అదొక్కటే."

నాకు నవ్వు రాలేదు. రెక్క వంక చూపించాను.

"దీన్ని నమ్ముకుని జనం ఎక్కుతారు బావా. ఇవాళంటే నేను చూశాను."

రేకు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. గుర్రాన్ని నిమిరినట్టు. తర్వాత డ్రిల్లు అందుకుని, ఆ పగిలినదాన్ని తనే తొలిచేశాడు. గన్ను కొక్కేనికి తగిలించాడు.

"పద. నేనే చెబుతా. నువ్వు చెబితే అదీ జోకే అనుకుంటాడు."

మేస్త్రీ గది తలుపు దాకా వచ్చాం. అప్పుడు తట్టింది నాకు. చెయ్యి పట్టుకుని ఆపి, ఇటు తిప్పుకున్నాను.

"మరి నా జోకులు? ఇన్నేళ్లూ పగలబడి నవ్వావుగా."

"ఒక్కటీ వినలేదురా బామ్మర్దీ. చివరికొచ్చేసరికి లోపల నువ్వే ముందు పడీపడీ నవ్వేవాడివి. రేకు వణికేది. ఓహో, అయిపోయిందన్నమాట అనుకుని... నేనూ నవ్వేవాణ్ని."